ఊ కొట్టే మనిషి

ఎల్బీనగర్,
2011 జూన్, రోడ్ల మీద వంటావార్పు అయిన వారం

అండాలూ,

చెబుతున్నది నీ వదినె లింగమ్మ. రాస్తున్నది మా పై వాటాలో కిరాయికి ఉండే మృదులమ్మ. గుంటూరు పిల్ల, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతుంది. నేను "ఒస్తున్న" అంటే ఈమె "వస్తున్నాను" అని రాస్తుంది. ఉత్తరమన్నాక అలాగే ఉండాలట. కానీ, నేత ఆమెదైనా నూలు నాదే. అది గుర్తు పెట్టుకుని చదివించుకో.

ఫోను ఉండగా ఉత్తరమెందుకంటావు. మగ్గం చప్పుడుకు నీ చెవులు ఎప్పుడో పోయాయి. నేను ఫోనులో అరిస్తే ఎల్బీనగర్ మొత్తానికి వినిపిస్తుంది, నీకు తప్ప. పైగా ఈ సంగతి నా కొడుకు చెవిన పడకూడదు.

సంగతేమిటంటే, నీ మేనల్లుడు గుండయ్య మంచివాడైపోయాడు.

నవ్వకు. నువ్వు నవ్వుతావని తెలిసే ముందే చెబుతున్నాను. వాడెలాంటివాడో నీకు తెలియనిదా? చైతన్యపురి సిగ్నల్ దగ్గర కానిస్టేబులు, నీళ్ళ ట్యాంకరు డ్రైవరు, కరెంటు మీటరు చూసేవాడు, పులిహోర చిన్న దొప్పలో పెట్టిన పూజారి... నాగోల్ నుంచి మలక్‌పేట దాకా వాడి చేత మాట పడని మనిషి లేడు. మన చీరల దుకాణానికి సగం మంది ఆడవాళ్ళు కొనడానికి కాదు, వాడి బేరం వినడానికి వచ్చేవాళ్ళు. అలాంటివాడు, అనసూయ పోయిన ఈ రెండేండ్లలో మెల్లమెల్లగా మెత్తబడి, ఇప్పుడు వెన్న అయి కూర్చున్నాడు. పెండ్లాం పోతే మగవాడు తాగుతాడు, లేకపోతే గడ్డం పెంచుతాడు. నా కొడుకు "సరే" అంటున్నాడు. ఎవరేమన్నా సరే.

మొన్న తెలంగాణ కోసమని ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి జనమంతా వండుకు తిన్నారు. నేనూ పోయాను. సాంబారులో ఉప్పు లేదని ఇద్దరు లీడర్లను కడిగిపెట్టాను. నా కొడుకేం చేశాడు? బిందె పట్టుకుని నీళ్ళు పోశాడు. ధర్నా చేసేవాళ్ళకు పోశాడు, వాళ్ళను లేపడానికి వచ్చిన పోలీసులకూ పోశాడు. ఏందిరా అంటే, "ఎండ ఎవ్వలకైనా ఎండనే గదనే అవ్వ" అన్నాడు.

అసలు దెబ్బ నిన్న తగిలింది. మన దుకాణం మడిగె ఓనరు జోగారావు ఇంటికి వచ్చాడు. కాకినాడ ఆయన. ఇరవై ఏండ్ల నుంచి ఆయనకూ మనవాడికీ పడదు. వచ్చి గుమ్మంలోనే నిలబడి గొంతు తగ్గించి, "ఏమండీ లింగమ్మగారూ, మీ అబ్బాయికి ఒంట్లో బాగుంటోందా?" అన్నాడు.

"మంచిగనే ఉన్నడు. ఏమైంది?"

"దీపావళికల్లా మడిగె ఖాళీ చెయ్యమన్నానండి. సరేనన్నాడు!"

"ఖాళీ చెయ్యమని నువ్వెందుకన్నవయ్యా?"

"నేనేదో మాట వరసకి అన్నానండి బాబూ! అలా అంటే ఆయన నా మీదకి లేస్తాడు, నేనూ రెండు అంటాను, చివరికి అద్దె ఓ పిసరు పెంచుకుంటాం. ఏటా జరిగేదే కదండీ. ఈసారి 'సరే పంతులుగారూ' అన్నాడు. నేను పంతుల్నే కాదు. అక్కడే ఉన్న మా అల్లుడు పట్టాభి అది పట్టుకున్నాడు. సెల్‌ఫోన్ల షాపు పెడతానని కూర్చున్నాడు. ఇప్పుడు నేను వద్దంటే మా అమ్మాయి ఊరుకుంటుందా?"

చూశావా అండాలూ. రాష్ట్రమంతా "మాది మాకు కావాలె" అని గొంతు చించుకుంటుంటే నా కొడుకు ఒక్కడే "తీసుకోండి" అంటున్నాడు. అడిగితే, "దుకాణం ఇచ్చేద్దాం, ఈ ఇల్లు కిరాయికిద్దాం, పోచంపల్లికి పోయి మగ్గం మీద కూసుంట" అంటాడు. వరంగల్‌లో చదివే వాడి కూతురు సుచిత్ర సంగతేమిటంటే దానికీ సరేనంటాడు. మీ అన్న పోయాక ఆ పోచంపల్లి ఇంటి గడప దాటినప్పుడు, మళ్ళీ అందులో పండుకోనని ఒట్టు పెట్టుకున్నాను. నీకు తెలుసు. ఎందుకని మాత్రం అడగకు.

అందుకని నువ్వు నీ పెనిమిటిని, ఇద్దరు పెద్దమనుషులను తీసుకుని రావాలి. వాణ్ణి కూర్చోబెట్టి గడ్డి పెట్టాలి. తెలంగాణ వస్తుందో రాదో నాకు తెలియదు. నా కొడుకు నోరు మాత్రం దీపావళి లోపల రావాలి.

నీ వదినె
లింగమ్మ (వేలిముద్ర)

---

పోచంపల్లి,
బోనాల నెల

వదినెకు అండాలు దండాలు.

ఉత్తరం మా కోడలు చదివింది. నవ్వొద్దన్నావు కాబట్టి చదువుతున్నంతసేపూ ఆపుకున్నాను. అయిపోయాక నవ్వాను.

పెద్దమనుషులను అడిగాను. "మా మేనల్లుడు మంచివాడైండు, వచ్చి చెడగొట్టుండ్రి" అంటే ఒక్కడూ కదలలేదు. చేనేత సొసైటీ ప్రెసిడెంటు, "అట్లాంటి కొడుకు కావాలని మా ఆమె ఎల్లమ్మకు మొక్కింది. ఆ మందేందో అడిగి చెప్పు" అన్నాడు. మా ఆయన సంగతి నీకు తెలిసిందే. గొడవ ఉన్న చోటికి పొమ్మంటేనే పోడు, ఇక గొడవ లేని చోటికి పోయి గొడవ పెట్టమంటే పోతాడా?

ఒక్క మాట అడుగుతాను, కోపం చేయకు. వాడు ఊరందరితో కొట్లాడి ఇంటికి వచ్చాక అనసూయ ఏం చేసేది? నువ్వు ఒక ఇంట్లోనే ఉన్నావు కదా, చూసే ఉంటావు. నేను వచ్చినప్పుడల్లా ఆ పిల్ల ముఖం నవ్వుతూనే ఉండేది. కొట్లాటల మొగుడితో కాపురం చేసే మనిషి ముఖంలా ఉండేది కాదు.

ఆమె ఏం చేసేదో రాయించు. మందు అక్కడే ఉంటుందేమో.

నీ ఆడిబిడ్డ
అండాలు

---

ఎల్బీనగర్,
వినాయకుణ్ణి సాగనంపిన వారం, సమ్మె మొదలైంది

అండాలూ,

నిన్ను సాయం అడిగితే నాకే ప్రశ్న వేస్తావా? ఏం చేసేది? నవ్వేది, అంతే. వాడు రాత్రి దుకాణం మూసి వచ్చి కాళ్ళు కడుక్కుని వంటింట్లో పీట మీద కూర్చునేవాడు. ఆమె వడ్డించేది. హాల్లో నాకు వాడి గొణుగుడు, ఆమె నవ్వు తప్ప ఏమీ వినిపించేది కాదు. నేను పోయి గడపలో నిలబడితే ఇద్దరూ ఆగిపోయేవాళ్ళు. "ఏందిరా నవ్వుతున్నరు?" అంటే, "ఏం లేదవ్వా, పప్పు మంచిగైంది" అనేవాడు. పప్పుకు ఎవరైనా నవ్వుతారా? నన్ను చూసే నవ్వుకునేవాళ్ళని నా అనుమానం. పోయిన మనిషిని అనకూడదు కానీ, ఒక్కనాడన్నా "ఎందుకయ్యా జనంతో కొట్లాట" అని ఆ పిల్ల వాడితో అనలేదు. అంటే వాడు అప్పుడే బాగుపడేవాడు. ఇప్పుడు బాగుపడ్డాడు కదా అంటావేమో. ఇది ఆ బాగుపడటం కాదు.

మీరెవరూ రాలేదు కాబట్టి మందు నేనే వేశాను. విను.

మొదట కూరలో గుప్పెడు ఉప్పు వేశాను. తిన్నాడు. ఇంకో గ్లాసు నీళ్ళు అడిగాడు, అంతే.

తర్వాత కొత్తపేట మార్కెట్‌లో కూరగాయలమ్మే ఆమెను పట్టుకుని, "నా కొడుకు వస్తడు, తూకంలో వానికి తెలిసేటట్టు మోసం చెయ్యి" అని చెప్పాను. ఆమె భయపడింది. "వద్దమ్మా, ఆయన నోరు నాకెరుకే" అన్నది. బతిమాలి ఒప్పించాను. టమాటాలన్నీ కుళ్ళినవి ఏరి వేసింది. వీడు సంచి చూసి, "అక్కా, ఇవి నీకు మిగిలిపోతయ్ గద, పాపం" అని ఇంకో కిలో తీసుకున్నాడు. ఆమె వాడి ముందే ఏడ్చిందట. ఆ తెల్లారి మా ఇంటికి వచ్చి మంచి టమాటాలు ఇచ్చి, "నీ కొడుకు దేవుడు, నువ్వేం తల్లివి?" అని నన్ను తిట్టిపోయింది.

కాలనీ వినాయకుడి లడ్డూ వేలం పాటప్పుడైతే, బాలాపూర్ లడ్డూ అంత పేరు లేకపోయినా మాదీ ఒక లడ్డూయే, వాడికీ వెనక వీధి బాపిరాజుకూ ప్రతి ఏడూ యుద్ధమే. ఈసారి బాపిరాజు మొదటి పాట పాడగానే మావాడు చేతులు జోడించి, "మీరే తీసుకోండ్రి" అన్నాడు. బాపిరాజు లడ్డూ పట్టుకుని ఓడిపోయినవాడిలా ఇంటికి పోయాడు.

ఇప్పుడు తెలంగాణ సమ్మె. బస్సుల్లేవు, బడుల్లేవు, మృదులమ్మ కోచింగ్ కూడా మూతపడింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి ఖాళీగా దొరికింది. ఆమెను అడిగాను, "మీ గుంటూరోళ్ళు మొగణ్ణి పోగొట్టుకున్నా పెండ్లాన్ని పోగొట్టుకున్నా గిట్లనే అయితరా?" అని. "మనుషులన్నాక ఎక్కడైనా అంతేనండీ మామ్మగారూ" అన్నది. ఈమెకు కూడా ఈ రోగం అంటుకునేటట్టుంది.

పట్టాభి రోజూ టేపు పట్టుకుని వచ్చి మన దుకాణం కొలుస్తున్నాడు. ఇక్కడ అద్దం, అక్కడ ఏసీ అంటున్నాడు. నా కొడుకు ఆ టేపు రెండో కొస పట్టుకుంటున్నాడు.

వినవే అండాలూ. రెండో కొస పట్టుకుంటున్నాడు.

లింగమ్మ (వేలిముద్ర)

---

పోచంపల్లి,
సద్దుల బతుకమ్మ మర్నాడు

వదినెకు,

మొన్న గుండయ్య స్కూటర్ మీద వచ్చాడు. నీకు చెప్పి ఉండడు. పాత ఇల్లు తెరిపించి, మగ్గం గుంట చూసి, దాని గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. మగ్గం మీద కూర్చుంటాననే మాట నిజమేనన్నమాట.

నేను చాయ్ తీసుకుపోయి అడిగాను. నా చెవి సంగతి తెలుసు కాబట్టి దగ్గరకు జరిగి చెప్పాడు. ఒక్క ముక్క పోకుండా రాయమని మా కోడలికి చెప్పాను.

"ఏందిరా, నోరు పడిపోయిందంట?" అన్నాను.

"పడిపోలేదత్తా. పనిలేక కూసుంది."

"మీ అవ్వ పరేషాన్ అయితున్నది. నువ్వు ఎవ్వలతోని కొట్లాడుతలేవంట."

నవ్వాడు. ఏడుపులాంటి నవ్వు. "నేను అప్పుడు మాత్రం కోపానికి కొట్లాడిన్నా అత్తా? పొద్దటికెల్లి మాపటి దాంక ఎవనితోనో ఒకనితోని గెలుకుతుంటి. ఇంటికి పోయి అనసూయకు చెప్పేటందుకు. ట్యాంకరోడు గిట్లన్నడు, నేను గట్లన్న అని వాని లెక్క మొకం పెట్టి చూపెడితే ఆమె పొట్ట పట్టుకొని నవ్వేది. ఒక్కోనాడు ఎవ్వలు దొరకకపోతే జోగారావు దగ్గరికి పోయి మడిగెకు సున్నం ఎవ్వలు ఎయ్యాలె అని తీసేటోణ్ణి. ఒట్టి చేతులతోని ఇంటికి ఎట్ల పోవాలె? ఇప్పుడు కొట్లాడి ఏం చెయ్యాలె? ఎవ్వలకు చెప్పాలె? అందుకే సరే అంటున్న. సరే అంటే చెప్పనీకి ఏముండదు. చెప్పనీకి ఏం లేకపోతే ఇంట్ల ఎవ్వలు లేరన్నది యాదికి రాదు."

వదినే, వాడు చెప్పినంతసేపూ నాకు మా అన్న కనిపించాడు.

నువ్వు మా ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నీ గొంతు ఎలా ఉంటుందో మా వాకిట్లో ఎవరికీ తెలియదు. నువ్వు గోడకు ఆనుకుని ఆసు పోస్తుండేదానివి. ఆ అరచందమామ చట్రం మీద, నడిమి మేకు నుంచి చుట్టూ ఉన్న మేకులకు దారం తిప్పుతూ నీ చెయ్యి పోతూ వస్తూ ఉండేది. మాట్లాడితే లెక్క తప్పుతుంది, లెక్క తప్పితే రంగుల్లో ముంచాక చీర మీద పువ్వు వంకర పోతుంది. అందుకని మాట్లాడేదానివి కాదు. మా అన్న నూలిచ్చే సావుకారుతో కొట్లాడి వచ్చి నీ పక్కన కూర్చుని అదంతా చెప్పేవాడు. నువ్వు "ఊ" అనేదానివి. ఊ కొడితే లెక్క తప్పదు. చెయ్యి ఆగేది కాదు, ఊ ఆగేది కాదు. మా అమ్మ అనేది, "వీడు లోకంతోని కొట్లాడేది గా ఊ కోసమే" అని.

మా అన్న పోయిన కర్మలు కాగానే సావుకారు మగ్గం మీది నూలు తీసుకుపోతానని వచ్చాడు. చంటి గుండయ్యను చంకనేసుకుని నువ్వు లోపలి నుంచి వచ్చావు. నోరు తెరిచావు. వాకిట్లో అందరం రాయిలాగ నిలబడిపోయాం. అవి మా అన్న మాటలు. అదే ఎత్తు, అదే విరుపు, చివర్న ఉమ్మేసినట్టు ఆ "పో" కూడా. అన్నేండ్లు ఊ కొడుతూ నువ్వు అవన్నీ లోపల దాచుకున్నావని ఎవరికి తెలుసు? ఆ రోజు నుంచి నీ నోరు మూతపడలేదు.

ఒకే దుఃఖం వదినే. నీకు నోరిచ్చింది, వాడి నోరు తీసుకుపోయింది.

కాబట్టి మందు నేను చెబుతాను. పెద్దమనుషులొద్దు, ఉప్పొద్దు. వాడు ఏదైనా చెబితే ఊ కొట్టు. సలహా చెప్పకు. తిట్టకు. వాడి పక్షాన కూడా తిట్టకు. ఒట్టి ఊ.

అండాలు

---

ఎల్బీనగర్,
దసరా అయినాక

అండాలూ,

పోయిన మనిషిని మధ్యలోకి తేవద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాలి? నా నోరు నాదే. ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకున్నది కాదు. సావుకారును తిట్టింది నూలు కోసం. నువ్వు చెవిటిదానివి, ఆ రోజు నేనేమన్నానో నీకేం వినిపించింది? అప్పుడు నీ చెవులు బాగానే ఉండి ఉంటాయని మృదులమ్మ అంటున్నది. ఈమెను రాయమంటే వాదిస్తున్నది.

అయినా నీ మందు కూడా వేసి చూశాను, తర్వాత నన్ను అనకుండా.

మొదటి రోజు వాడు అన్నం దగ్గర, "ఇయ్యాల సమ్మెకని దుకాణాలన్నీ మూసిండ్రు" అన్నాడు. నేను "ఊ" అన్నాను. మంచిగానే అన్నాను. కానీ వెంటనే నోట్లోంచి, "మూస్తే మూసిండ్రు, ఆ పట్టాభిగాడు లోపటికి ఎట్లొచ్చిండు? తాళం నువ్వే ఇచ్చినవా? నీ అసువంటోణ్ణి..." అని వచ్చేసింది. వాడు సరేనని చెయ్యి కడుక్కున్నాడు.

రెండో రోజు పెదవులు బిగబట్టి కూర్చున్నాను. వాడు చెప్పింది ఏమీ లేదు. నా ముఖం చూసి, "అవ్వా, పన్ను నొస్తున్నదా? దవాఖానకు పోదామా?" అన్నాడు.

మూడో రోజు ఊ అన్నాను, ఇంకోసారి ఊ అన్నాను, మూడో ఊ దగ్గర, "ఊ అంటున్న గదరా, చెప్పవేందిరా!" అని అరిచాను.

ఇది నా వల్ల కాదు. ఊ తర్వాత ఊరుకోవడం అన్నింటికంటే కష్టమైన పని. నా చేతులు ఖాళీగా ఉంటే నా నోరు ఖాళీగా ఉండదు. అందుకని ఒక పని చెయ్యి. పాత ఇంట్లో అటక మీద నా ఆసు ఉంటుంది. మేకులు ఊడిపోయి ఉంటే మీ ఆయనతో కొట్టించు. కాస్త నూలు కూడా పెట్టి పంపు. నీ మాట నిజమని కాదు. ఊరికే కాలక్షేపానికి.

దీపావళికి ఎన్నో రోజుల్లేవు.

లింగమ్మ (వేలిముద్ర)

అండాలమ్మగారికి మృదుల నమస్కారాలు. ఈ రెండు ముక్కలూ మామ్మగారు చెప్పినవి కావు, చదివి వినిపించను కూడా. ఈ మధ్య గుండయ్యగారు బయటికెళ్ళాక ఆవిడ వంటింట్లో అనసూయగారి పీట వేసుకుని కూర్చుంటున్నారు. నేను పెరుగు తోడుకి వెళ్ళినప్పుడు విన్నాను. ఎదురుగా ఎవరూ లేరు. "ఊ" అంటున్నారు. కాసేపాగి మళ్ళీ "ఊ". సాధన చేస్తున్నారనుకుంటాను.

---

పోచంపల్లి,
సమ్మె ఇంకా నడుస్తున్నది

వదినెకు,

ఆసు దొరికింది. రెండు మేకులు మా ఆయన కొత్తవి కొట్టాడు. బస్సుల్లేవు కాబట్టి నూలు బేళ్ళ వ్యాను డ్రైవరును బతిమాలి ఎల్బీనగర్ చౌరస్తా దాకా పంపుతున్నాను. ఎవరినన్నా పంపి తీసుకో. డ్రైవరుతో కొట్లాడకు. మళ్ళీ అవసరం పడుతుంది.

దాని మీద మట్టి తుడవొద్దన్నాను. నువ్వే తుడుచుకుంటావని.

అండాలు

---

ఎల్బీనగర్,
దీపావళి వెళ్ళిపోయింది, సమ్మె కూడా ఆగింది

అండాలూ,

చాలా చెప్పాలి. మృదులమ్మను రెండు ఇన్లాండ్ కవర్లు తెమ్మన్నాను.

ఆసు హాల్లో, టీవీ పక్కన గోడకు ఆనించాను. ఇన్నేండ్ల తర్వాత చెయ్యి మొరాయిస్తుందనుకున్నాను. నడిమి మేకుకు దారం ముడి వేయగానే తన దారిన తను పోయింది. రెక్క మాత్రం రాత్రికి పచ్చిపుండయ్యేది. వాడు మొదటి రోజు వచ్చి చూసి గుమ్మంలో ఆగిపోయాడు. రెండో రోజు దారాలు దాటుకుని లోపలికి పోయాడు. మూడో రోజు, "కొంచెం జరుగవ్వా, దారం కాలికి తగుల్తది" అన్నాడు. నేను ఊ అని జరిగాను. వాడు నా పక్కన నేల మీద కూర్చున్నాడు.

"పట్టాభి ఇయ్యాల షటర్ మీద కాయితం అతికిచ్చిండు. 'త్వరలో ప్రారంభం' అని" అన్నాడు.

ఊ.

"షటర్ మీద సరిపోలేదని బోర్డుకు గూడ అతికిచ్చిండు. అనసూయ చెప్పి గీయించిన చిలుక లేదా, దాని మొకం మీద."

అండాలూ, ఆ మాటకు నా నెత్తిలో నిప్పులు పోసినట్టయింది. పట్టాభికి చెప్పవలసినవి పదారు రకాల తిట్లు నాలుక కొసకు వచ్చి వరుసలో నిలబడ్డాయి. కానీ చెయ్యి దారంలో ఉంది. నోరు తెరిస్తే లెక్క పోతుంది. ఊ అన్నాను.

వాడు చూశాడు. నేనేదో అంటానని వాడి ఎదురుచూపు. నా చెయ్యి పోతూ వస్తూ ఉంది.

"నేనేమనలేదు" అన్నాడు.

ఊ.

"అనాలె గద?"

ఊ కూడా అనలేదు ఈసారి. భయమేసింది, ఎక్కువవుతుందేమోనని. వాడే, "రేపు పోయి అంట" అన్నాడు.

ఆ రేపు సాయంత్రం వాడు ఇంటికి రాకముందే జోగారావు వచ్చాడు, పరుగెత్తినట్టు. "లింగమ్మగారూ! తిట్టాడండీ! మావాణ్ణి, నన్ను, మా కాకినాడని, అన్నిటినీ తిట్టాడు. టేపు తీసి రోడ్డు మీదకి విసిరేశాడు. ఖాళీ చెయ్యడట, అద్దె పెంచడట, సున్నం కూడా నేనే వెయ్యాలట! అమ్మయ్య, నేను మా అమ్మాయికి చెప్పేశాను, ఆయనతో మన వల్ల కాదమ్మా అని" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. తిట్లు తిని ఇంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు.

దుకాణం దక్కింది. ఇక నాకు దక్కిందేమిటో విను.

వాడు వచ్చాడు. చెప్పుల చప్పుడే వేరు. కాళ్ళు కూడా కడగకుండా నా పక్కన కూర్చుని అంతా చెప్పాడు. జోగారావు లాగ మాట్లాడాడు, పట్టాభి లాగ నిలబడ్డాడు, టేపు ఎగిరిపోయి సిటీ బస్సు కింద పడటం చేతులతో చూపించాడు. సమ్మె ఆగి బస్సులు తిరుగుతున్నాయి, అదృష్టం. నేను ఊ కొట్టాను. అప్పటి నుంచి రోజూ ఇదే. ట్యాంకరువాడు, కరెంటువాడు, మళ్ళీ బాపిరాజు. కూరగాయలమ్మే ఆమె మొన్న వచ్చి, "నీ కొడుకు దేవుడనుకున్న, నా కళ్ళు పోను" అని శాపనార్థాలు పెట్టిపోయింది. ఎంత హాయిగా ఉందో.

కానీ నిన్న ఒకటి జరిగింది. కథ మధ్యలో వాడు కొంగు నడుముకు దోపినట్టు చేసి, మెడ చాచి, "సాంబార్ల ఉప్పేదిరా!" అన్నాడు. అది నేను. అచ్చం నేను. ఇద్దరు లీడర్లను కడిగిన నేను. చేసేసి నాలుక కరుచుకున్నాడు, అలవాటులో వచ్చినట్టుంది.

చూశావా అండాలూ! నా అనుమానం నిజమే. వంటింట్లో ఆ పిల్ల అన్నేండ్లు నవ్వింది నన్ను చూసే. పప్పు కాదు, నేను!

ఏం చేశాననుకున్నావు? ఊ అన్నాను. వాడు భయం భయంగా ఇంకోసారి చేశాడు. నాకే నవ్వొచ్చింది. దారం తెగింది. లెక్క పోయింది. ఆ నవ్వు నా గొంతులో కొంచెం ఆ పిల్ల నవ్వులాగే ఉందేమో, వాడు అటు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. నేను తెగిన కొసలు వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను.

ఇప్పుడు నా గోడు. కాలనీలో నేను నోరెత్తడం లేదట. "లింగమ్మకు ఒంట్లో బాగాలేదా?" అని బాపిరాజు పెండ్లాం పై వాటాకు వచ్చి అడిగిందట. రోజంతా ఊ కొట్టడానికి సరిపోతున్నది. రెండు కొట్లాటలు ఒక ఇంట్లో పట్టవు. మరి నావి నేను ఎవరికి చెప్పాలి? మృదులమ్మ మంచిదే కానీ, రాసే మనిషి ఊ కొట్టదు. చెయ్యి ఖాళీ ఉండదు.

అందుకని నీకు ఒకటి చెబుతాను. ఎవరికీ చెప్పలేదు.

నీ అన్న పోయిన రోజు పొద్దున కూడా సావుకారుతో కొట్లాడే వచ్చాడు. నేను ఆసు ముందు ఉన్నాను. పక్కన కూర్చుని మొదలుపెట్టాడు. సావుకారు ఏమన్నాడో చెప్పాడు. తను ఏమన్నాడో చెప్పబోయి, ఆకలైతున్నది, బువ్వ తిన్నాక చెబుతానన్నాడు. ఊ అన్నాను. లేచి చేతులు కడుక్కోవడానికి పోయాడు. జాలారి దగ్గర పడిపోయాడు. ఆ సగం ఏమిటో నాకు తెలియదు. ఆ ఇంట్లో పండుకుంటే ఆ సగమే వినిపిస్తుంది, అందుకే గడప దాటాను.

సావుకారు నూలు కోసం వచ్చినప్పుడు, మీ అన్న ఏమని ఉంటాడో అదంతా నేనే అన్నాను. సరిపోలేదనిపించింది. ఆ తర్వాత కండక్టరుతో అన్నాను, కిరాణా కొట్టువాడితో అన్నాను, నీతో అన్నాను, కోడలితో అన్నాను. ఇన్నేండ్లూ ఆ మిగిలిన సగమే కొట్లాడుతున్నాను అండాలూ. ఎంత కొట్లాడినా ఆయన చెప్పబోయింది ఇదేనని ఇంకా అనిపించడం లేదు.

ఇక ఆపుతాను. గేటు చప్పుడైంది. వాడు ఎవరినో గట్టిగానే తిట్టి వచ్చినట్టున్నాడు. దారం సర్దుకోవాలి.

నీ వదినె
లింగమ్మ (వేలిముద్ర)

---

పోచంపల్లి

వదినే,

చదివించుకున్నాను. రెండుసార్లు.

ఊ.

అండాలు